ఒక మద్యపాన విముక్తుని రెండు స్వీయచరిత్రములు

దుర్వ్యసనమునుండి బయటపడినవాడు తన కథను తానే వ్రాసినచో లోకము దానిని ఆదరించును. ఆ యాదరమును చూచి కొన్ని యేండ్లకు అతడు రెండవ పుస్తకము వ్రాయును. మొదటిదానిని కన్నులు చెమర్చగా చదివినవారే రెండవదానిని సగములో మూసి పక్కన పెట్టుదురు. ఇట్లేల జరుగును? వ్రాయు నేర్పు తగ్గుటచేతనా? చెప్పదగిన కథ అయిపోవుటచేతనా? లేక వినువారమైన మనయందే యేదైన లోపమున్నదా? ఈ ప్రశ్న సాహిత్యవిమర్శకు మాత్రమే సంబంధించినదని నేను మొదట తలచితిని. అట్లు కాదని నాకు తెలిసిన విధము చెప్పెదను.

నాతోడి ఉపాధ్యాయులొకరు పెక్కేండ్లు త్రాగుడునకు లోబడియుండి, ఆఱు నెలల క్రిందట మానివేసిరి. ఆయన పేరు చెప్పుట న్యాయము కాదు. మానిన కొన్నాళ్లకు, ధైర్యము కలుగునను తలంపుతో, నేనాయనకు జాన్ గఫ్ అను అమెరికా వక్త వ్రాసిన రెండు స్వీయచరిత్రములను ఇచ్చితిని. పది దినములకు రెండును తిరిగి తెచ్చి యిచ్చుచు ఆయన ఇట్లనిరి: "మేష్టారూ, చిన్న పుస్తకం రెండు రాత్రుల్లో చదివేశాను. పెద్దది మాత్రం సాగలేదు. ఆయన ఏ ఊళ్లో మాట్లాడాడో, ఎంతమంది వచ్చారో అంతా ఉంది. సాయంకాలాలు ఎట్లా గడిపాడో లేదు. నాకు కావలసింది అదే."

ఆ మాట నా మనస్సున నాటుకొనెను. అదే వారమున మా యూరి మద్యనిషేధసభవారు నా యొద్దకు వచ్చి, వార్షికోత్సవమున ఆయనచేత ఉపన్యాసమిప్పింపవలెనని కోరిరి. అనుభవము కలవాని మాటకు బలమెక్కువ యని వారి వాదము. నేను అంగీకరింపబోయి, గఫ్ చరిత్రము జ్ఞప్తికి వచ్చి, రెండు దినములు గడువడిగితిని. ఆ రెండు దినములలో మఱల చదివి నేను తెలిసికొన్నదే యీ వ్యాసము.

జాన్ బార్తొలొమ్యూ గఫ్ 1817 ఆగస్టు 22వ తేదీని ఇంగ్లండులో కెంటు మండలమందలి శాండ్‌గేటు గ్రామమున పుట్టెను. తండ్రి పింఛను పుచ్చుకొను సిపాయి. తల్లి ఆ గ్రామమున పిల్లలకు చదువు చెప్పునది. ఇల్లు గడచుట కష్టము. అందుచేత 1829లో అమెరికాకు వలసపోవు నొక కుటుంబమువారికి పండ్రెండేండ్ల బాలుని ఒప్పగించి పంపివేసిరి. అతడు రెండేండ్లు న్యూయార్కు రాష్ట్రములోని యొక పొలములో పనిచేసి, 1831లో న్యూయార్కు నగరము చేరి, పుస్తకములకు బైండు కట్టు పని నేర్చుకొనెను. 1833లో తల్లియు చెల్లెలును అతని యొద్దకు వచ్చిరి. మఱుసటి యేడే తల్లి దరిద్రమున మరణించెను. దిక్కులేనివారిని పూడ్చుచోట ఆమెను పూడ్చిరి. అప్పటికి కుమారునికి పదునేడేండ్లు నిండలేదు.

గఫ్‌నకు మంచి కంఠమును, ఎదుటివానిని అచ్చముగా అనుకరించు నేర్పును ఉండెను. పాటలు పాడును, హాస్యము చేయును, నాటకశాలలలో చిన్న వేషములు కట్టును. ఇట్టివాడు లేనిదే త్రాగుబోతుల గోష్ఠి రక్తికట్టదు. పాటకు ప్రతిఫలము గ్లాసు. గ్లాసునకు ప్రతిఫలము మఱియొక పాట. అతడు ఒంటరితనము పోగొట్టుకొనుటకై స్నేహమును వెదకుకొనుచు పోయెను. స్నేహితులు దొరకిన చోటనెల్ల సారాయియు దొరకెను. ఈ విషయమును అతడు తన మొదటి గ్రంథమున దాపరికము లేక చెప్పినాడు. తరువాత పెండ్లియాడెను. పని పోయెను, మఱల దొరకెను, మఱల పోయెను. తుదకు మసాచుసెట్సు రాష్ట్రమునందలి వూస్టరు పట్టణమున భార్యయు, పసిబిడ్డయు కొద్ది దినముల యెడముతో చనిపోయిరి. ఆ దినములందును అతడు త్రాగుచునే యుండెను. 1842 నాటికి అతనిని పలుకరించువాడే ఆ పట్టణమున లేకపోయెను.

ఇక్కడ ఆనాటి అమెరికాలోని మద్యపాననిరోధోద్యమమును గూర్చి కొంత చెప్పవలెను. అంతకు ముందున్న సంఘములు మతబోధకులును, గౌరవస్థులును నడపినవి. వారు మితముగా త్రాగువానికి మానుమని హితము చెప్పుచుండిరి గాని, పూర్తిగా చెడినవానిపై ఆశ వదలుకొనియుండిరి. 1840 ఏప్రిలులో బాల్టిమోరు నగరమున, చేజ్ అనువాని సారాదుకాణములో ప్రతిదినము కూడుచుండిన ఆఱుగురు పనివాండ్రు ఈ పద్ధతిని తలక్రిందులు చేసిరి. వారిలో నొకడు దర్జీ, ఒకడు వడ్రంగి, ఇద్దఱు కమ్మరులు, ఒకడు బండ్లు చేయువాడు, ఒకడు వెండిపనివాడు. ఆ యూరికి వచ్చిన మద్యనిరోధ ప్రచారకుని ఉపన్యాసము విని వచ్చి, తర్కించుకొని, తామే యొక సంఘము పెట్టుకొని ప్రతిజ్ఞ వ్రాసికొనిరి. జార్జి వాషింగ్టన్ పేర దానికి వాషింగ్టన్ మద్యపాననిరోధ సంఘమని పేరిడిరి. చేరుటకు రుసుము ఇరువదియైదు సెంట్లు. వారమున కొకమాఱు కూడి, ఎవని కథను వాడు చెప్పుకొనవలెను. ప్రతివాడును మఱియొక త్రాగుబోతును వెంటబెట్టుకొని రావలెను. ఉపన్యాసకుడు పైనను, పాపి క్రిందను ఉండు ఏర్పాటు పోయి, పడినవాని చేతిని పడి లేచినవాడు పట్టుకొను ఏర్పాటు వచ్చెను. రెండు మూడేండ్లలో లక్షల కొలది సంతకములు వచ్చినట్లు ఆ సంఘములవారు చెప్పుకొనిరి.

1842 ఫిబ్రవరి 22న, అప్పటికింకను న్యాయవాదిగానున్న అబ్రహాము లింకను ఇల్లినాయి రాష్ట్రములోని స్ప్రింగుఫీల్డున ఈ సంఘమువారి సభలో ప్రసంగించెను. తిట్టుటచే నెవడును మాఱడనియు, ఒకనిని మన పక్షమునకు త్రిప్పుకొనదలచినచో మొదట మనము అతని మిత్రులమని అతనికి నమ్మకము కలిగింపవలెననియు ఆయన వాదము. త్రాగుడులో పడనివారికి ఆ వాంఛ లేకపోవుటయే ముఖ్యకారణము గాని, వారి గుణము పడినవారి గుణముకంటె గొప్పది కాదని కూడ ఆయన నిర్మొగమాటముగా చెప్పెను. ఆ నూతనపద్ధతికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానము లేదు.

ఆ సంవత్సరము అక్టోబరు చివర, ఒక ఆదివారము సాయంకాలము గఫ్ వూస్టరు వీథిలో తూలుచు నడచుచుండగా వెనుకనుండి ఎవరో భుజము తట్టిరి. ఆ తట్టినవాడు జోయెల్ స్ట్రాటన్. మద్యము అమ్మని యొక భోజనశాలలో వడ్డన చేయువాడు. వారిద్దఱికి అంతకుముందు పరిచయము లేదు. స్ట్రాటన్ అతనిని పేరు పెట్టి పిలిచి, మఱునాటి సభకు వచ్చి ప్రతిజ్ఞ చేయుమనియు, తాను వెంటనుండి తగినవారికి పరిచయము చేసెదననియు మెత్తగా చెప్పెను. గఫ్‌ను కదలించినది వాదము కాదు. చాలకాలమునకు ఒక మనుష్యుడు తనను మనుష్యునివలె తాకెను. అంతే జరిగినది. మఱునాటి రాత్రి పట్టణసభామందిరమున అతడు వణకుచున్న చేతితో సంతకము చేసెను.

ఇంతవఱకు లోకమందఱకు తెలిసినదే. ఆనాటి వేదికల మీద వేలమాఱులు చెప్పబడినదే. కాని మొదటి గ్రంథము యొక్క విలువ సంతకముతో ముగియలేదు. సంతకము తరువాతి దినములతో ఆరంభమైనది. త్రాగుడును ఒక్కసారిగా మానిన దేహము తిరుగబడును. చేతులు వణకును, నిద్ర పట్టదు, లేనివి కన్పట్టును. బైండు ఒత్తు యంత్రముయొక్క ఇనుపకడ్డీని చేతబట్టగా, అది చేతిలో ప్రాణమున్నదానివలె మెదలినట్లు తోచెనని గఫ్ వ్రాసికొన్నాడు. అట్టి స్థితిలో అతడు పనిచేయుచోటికి జెస్సీ గుడ్రిచ్ అను న్యాయవాది వచ్చెను. ఆయన ఆ యూరి మద్యనిరోధోద్యమమున పాల్గొనువాడు. సంతకము చేసినందుకు సంతోషమని చెప్పి, చేయి కలిపి, తన కచేరికి అప్పుడప్పుడు వచ్చుచుండుమని పిలిచి వెళ్లెను. ఆ పలుకరింపు కొన్ని నిమిషములకంటె ఎక్కువ పట్టియుండదు. గఫ్ దానిని జీవితమంతయు జ్ఞప్తియందుంచుకొనెను. స్ట్రాటన్ చేయి అతనిని సభకు తెచ్చినది. గుడ్రిచ్ పలుకరింపు మఱుసటి దినమును దాటించినది. ఈ రెండవ పని చిన్నది. ఎవరును చప్పట్లు కొట్టనిది. అయినను అదియే కష్టము.

సుమారు ఐదు నెలలకు అతడు పడెను. పనిభారముచేతను, తలలో బాధచేతను మనస్సు చెదరి బోస్టను నగరమునకు పోయెను. అక్కడ నాటకశాలలో ప్రాతమిత్రులు కలిసిరి. వారు శత్రువులు కారు. అతని కీడు కోరినవారును కారు. చాలకాలమునకు వచ్చినాడని సంతోషించి గ్లాసు చేతికిచ్చిరి. అతడు త్రాగెను. తరువాత వూస్టరునకు తిరిగివచ్చి, సభలో లేచి నిలిచి తన తప్పు ఒప్పుకొని, మఱల సంతకము చేసెను. సిగ్గుచే ఊరు విడిచిపోవ నుద్యమింపగా, ఆ యూరివారే పోవలదని నిలిపిరి. మొదటి గ్రంథమున నాకు ఉత్తమముగా తోచిన ఘట్టమిదే. ప్రతిజ్ఞ తప్పినవానిని వెళ్లగొట్టక నిలుపుకొనిన చోట, ఆ సంఘము తన పేరునకు తగినట్లుండెను.

1843 మే నెలనుండి అతడు ఉపన్యాసములే వృత్తిగా పెట్టుకొనెను. తాను వేసికొన్న లెక్క ప్రకారము మొదటి సంవత్సరమున 383 ఉపన్యాసములిచ్చి, 15,218 సంతకములు చేయించెను. దినమునకు ఒకటికంటె ఎక్కువ! నాటకశాలలో అబ్బిన అభినయము, గోష్ఠులలో అబ్బిన హాస్యము ఇప్పుడు వేదికకు ఉపయోగపడెను. ఒక సభలో నవ్వించి, మఱుక్షణమున ఏడిపించి, తన భార్యాబిడ్డల మరణమును, తన సన్నిపాతమును మఱల మఱల నటించి చూపెను. ఇక్కడనే నాకు సందేహము కలుగుచున్నది. మానిన యేడాదిలోపల మూడువందల యెనుబది మాఱులు తన గాయమును పదిమంది ముందు విప్పి చూపువానికి ఆ గాయము మానుట యెప్పుడు? ప్రతిరాత్రి క్రొత్త ఊరు, క్రొత్త ముఖములు, క్రొత్త చప్పట్లు. స్ట్రాటను వూస్టరులో నుండెను. గుడ్రిచ్ వూస్టరులో నుండెను. గఫ్ బండిలో నుండెను.

1845లో మొదటి స్వీయచరిత్రము బోస్టనున వెలువడెను. తన యింట నున్న జాన్ రాస్ డిక్స్ అను ఆంగ్లరచయితకు గఫ్ చెప్పగా అతడు వ్రాసికొనెనని తెలియుచున్నది. అది చిన్న పుస్తకము; తొందరలో పుట్టినది; మానిన మూడేండ్లయినను నిండకమునుపే వచ్చినది. కాని దానియందు భయమున్నది. తాను మఱల పడవచ్చునని ఎఱిగినవాని కంఠమున్నది. చదువరి ఆ కంఠమును నమ్మును.

ఆ పుస్తకము వచ్చిన యేడే, 1845 సెప్టెంబరున, గఫ్ న్యూయార్కు నగరమున ఒక వారముపాటు మాయమయ్యెను. మిత్రులు వెదకి వెదకి వాకర్ వీథిలోని యొక యింట అతనిని కనుగొనిరి, త్రాగియుండెను. ప్రాతపరిచయస్థుడనని చెప్పిన యొకడు వీథిలో పలుకరించి, సోడా త్రాగుదము రమ్మని పిలిచి, అందులో నేదో కలిపియిచ్చెనని గఫ్ చెప్పెను. అతడు సభ్యుడుగానున్న చర్చివారు విచారించి అతని మాటను అంగీకరించిరి. శత్రుపత్రికలు అంగీకరింపలేదు. ఎగతాళి పుస్తకములు కూడ వెలువడెను. నిజము దేవునికెఱుక, ఇన్నేండ్లకు మనము తీర్పు చెప్పబూనుట తగదు. మనము గమనింపదగినది మఱియొకటి. 1843లో వూస్టరున పడినపుడు అతడు సభలో లేచి "నేను పడితిని" అని చెప్పగలిగెను; ఊరివారు నిలుపుకొనిరి. 1845లో పడినపుడు అతడు దేశమంతయు ఎఱిగిన వక్త. ఇప్పుడు ఒప్పుకోలుతో చాలదు. వాఙ్మూలము కావలెను, సాక్షులు కావలెను, విచారణసంఘము కావలెను. పడినవానికి మిత్రులకంటె ముందు న్యాయవాదులు అవసరమైరి.

తరువాతి యిరువదియేండ్లు కీర్తికాలము. 1853లో ఇంగ్లండు వెళ్లి రెండేండ్లును, 1857లో మఱల వెళ్లి మూడేండ్లును ఉపన్యసించెను. పల్లెనుండి పండ్రెండేండ్లప్పుడు వెళ్లగొట్టబడిన బాలుడు లండనున వేలజనము చూడ వేదికనెక్కెను. అయినను ఆ రెండవ యాత్రలో ఒక వివాదము లేచెను. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున 1851లో మద్యనిషేధశాసనము పుట్టెను. అది చాలచోట్ల అమలులేని చట్టమై పడియున్నదని గఫ్ ఒక లేఖలో వ్రాయగా, శాసనమునే నమ్ముకొన్న ఇంగ్లండు సంస్కర్తలు కోపించిరి. వారిలో పండితుడైన ఫ్రెడరిక్ లీజ్, గఫ్ రహస్యముగా మత్తుపదార్థములు సేవించునని లేఖలలో వ్రాసెను. 1858లో లండను న్యాయస్థానమున వ్యాజ్యము నడచెను. తీర్పు గఫ్ పక్షమున వచ్చెను. నష్టపరిహారము అయిదు గినీలు. ఇరువురును మద్యమునకు శత్రువులే, ఒకే పక్షమువారే. మిత్రులుగా ఉండవలసినవారు ఒకరి దౌర్బల్యమును మఱియొకరు ఆయుధముగా పట్టుకొనిరి. అయిదు గినీలతో ఆ గాయము మానునా?

ఇన్ని జరిగిన తరువాత 1869లో రెండవ గ్రంథము వెలువడెను. దాని పేరులోనే "ఇరువదియాఱేండ్ల బహిరంగవక్తృత్వానుభవము" అను అర్థమిచ్చు మాటలు చేరినవి. అయిదువందల పుటలకు మించిన గ్రంథము. మొదటి పుస్తకములోని కథను మఱల చెప్పి, ఆపైన యాత్రలు, సభలు, కలిసిన గొప్పవారు, వినిన హాస్యకథలు, చూచిన త్రాగుబోతుల దురవస్థలు, తనపై వచ్చిన నిందలకు సమాధానములు చేర్చినాడు. ఇందులో విలువ లేదనను. ఆనాటి ఇంగ్లండు, అమెరికాల సభాజీవితము తెలిసికొనవలెననువానికి ఇది మంచి ఆకరము. గఫ్ చూపు చురుకైనది. చిన్న మనుష్యుల మాటతీరును చక్కగా పట్టును. దీనులపై అతని దయ నిజమైనది. స్ట్రాటనును మఱచిన కృతఘ్నుడును కాడు. ఆ పేరును జీవితాంతము వేదికలపై భక్తితో తలచెను.

అయినను నిరాశ కలుగుచున్నది. కారణములు వెదకగా నాకు రెండు దొరకినవి. మొదటిది, స్నేహము ఇందులో ఒక్క క్షణమునకు తగ్గిపోయినది. భుజము తట్టిన క్షణము మెఱపువలె వెలుగును. వేలమాఱులు చెప్పబడి అది ఒక విగ్రహమైనది. కాని స్ట్రాటను అను మనుష్యుడు ఏమి మాటలాడును, దేనికి కోపించును, ఆ తరువాతి సంవత్సరములలో వీరిద్దఱు ఒకచోట కూర్చున్నపుడు ఏమి చెప్పుకొనిరి, వడ్డన చేయువానికిని లోకప్రసిద్ధుడైన వక్తకును నడుమ చెలిమి ఎట్లు నిలిచెను, ఇవి అయిదువందల పుటలలో మనము తనివితీర చదువజాలము. విగ్రహమునకు దండ వేయవచ్చును. దానితో సాయంకాలము షికారు పోలేము.

రెండవది, భయము మాయమైనది. మొదటి పుస్తకములో "నేను బలహీనుడను" అను మాట ప్రాణభయముతో వచ్చినది. రెండవదానిలో ఆ మాట ఉన్నను, సభామర్యాదవలె వచ్చినది. మానిన రెండవ యేడు, పదవ యేడు, ఇరువదవ యేడు ఎట్లుండును? వాంఛ చచ్చునా, నిద్రించునా? పెండ్లివిందులో పక్కవాని గ్లాసు వాసన తగిలినపుడు మనస్సు ఏమనును? నా మిత్రుడు వెదకినది ఇదే. ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగల అనుభవము గఫ్‌కంటె ఎక్కువగా ఎవరికున్నది? చెప్పవలసినవాడు చెప్పకపోయెను.

కాని అతనిని నిందించుటకు నాకు నోరు రాదు. 1845లో నోరు తెఱచినపుడు లోకము అతనిని ఏమి చేసెనో చూచితిమి. 1858లో మిత్రపక్షమువాడే ఏమి చేసెనో చూచితిమి. "నిన్నరాత్రి నాకు వాంఛ కలిగినది" అని 1869లో ఒక్క వాక్యము వ్రాసియున్నచో, మఱునాడే దానిని కత్తిరించి పత్రికలలో అచ్చువేయువారు కాచుకొనియుండిరి. అతడు పడినచో పడునది ఒక మనుష్యుడు కాదు, ఉద్యమమే. పదునైదువేల సంతకములవారును, వారి భార్యాబిడ్డలును అతనివైపు చూచుచుండిరి. ఇంత బరువు నెత్తిన నున్నవాడు నిర్భయముగా తన లోపలిని విప్పగలడా? రెండవ గ్రంథము మూసిన తలుపువలెనున్నదని మనము విసుగుకొనుచున్నాము. ఆ తలుపును లోపలనుండి అతడు మూయకముందే బయటనుండి మనవంటివారము రాళ్లు రువ్వితిమి.

వాషింగ్టోనియను సంఘముల గతియు ఇట్లే అయ్యెను. అవి పుట్టిన పదియేండ్లలోపలనే చాలవఱకు క్షీణించెను. మతవివాదములు, శాసనము కావలెనా వలదా యను తగవులు, ప్రదర్శనలయందు మోజు అందుకు కారణములని చరిత్రకారులు చెప్పుదురు. ఇవన్నియు నిజమే. కాని గఫ్ చరిత్రము చదువగా నాకొకటి స్ఫుటముగా తోచుచున్నది. వారి మొదటి బలము వారమువారము కూడుట, ఎదుటివాని యింటికి పోవుట, పడినవానిని మఱల పిలుచుట. వేదిక ప్రసిద్ధమైనకొలది ఈ చిన్న పనులు వెనుకబడెను. నిన్న మానినవానిని నేడు వేదికనెక్కించిరి. అతని కన్నీరు వేలమందిని మార్చెను. అతని కన్నీరు తుడుచువాడు మాత్రము లేకపోయెను. సంతకములు లెక్కకు వచ్చెను. సంతకము చేసినవాని మఱుసటి సాయంకాలము ఏ లెక్కకును రాలేదు.

దాదాపు నూఱేండ్లకు, 1935 జూనులో, అమెరికాలోని ఓహాయో రాష్ట్రమున ఆక్రను పట్టణములో బిల్ విల్సన్ అను వర్తకుడును, రాబర్టు స్మిత్ అను శస్త్రవైద్యుడును, ఇరువురును త్రాగుడుచే చెడినవారే, ఒకరి కొకరు తోడుగా నిలిచి క్రొత్తసంఘమునకు పునాది వేసిరి. బాల్టిమోరు పనివాండ్ర మూలసూత్రమే ఇక్కడను ఉన్నది: మానినవాడు మానదలచినవానికి తోడు. కాని ఒక ముఖ్యమైన మార్పు కలదు. సభ్యులు తమ పూర్తి పేరులను పత్రికలయందు ప్రకటించుకొనరాదు; సంఘము బహిరంగ వివాదములలో తలదూర్చరాదు. 1939లో వారు ప్రకటించిన గ్రంథము మీద రచయిత పేరు లేదు. 1953లో ప్రకటించిన నియమగ్రంథమున వాషింగ్టోనియనుల పతనమును హెచ్చరికగా పేర్కొనిరి. పేరు దాచుకొనుటను సిగ్గు అని మనము తలచుదుము. అది సిగ్గు కాదు. క్రొత్తగా నాటిన మొక్క చుట్టును వేసిన కంచె. గఫ్‌నకు ఆ కంచె దొరకలేదు.

మద్యనిషేధమునకై పనిచేయు మిత్రులు నన్ను అపార్థము చేసికొనకుందురు గాక. వేదిక వలదని నేననుట లేదు. గఫ్ గొంతు విని బ్రదికినవారు ఎందఱో కలరు. మనము సభలు చేయుదము, శాసనములు కోరుదము, గణాంకములు చెప్పుదము. కాని నిన్న మానినవానిని మన వాదమునకు సాక్ష్యముగా వాడుకొనుట యొకటి. అతనికి తోడుగా నుండుట మఱియొకటి. మొదటిది ఒక సాయంకాలపు పని. రెండవది అన్ని సాయంకాలముల పని. మొదటిదానికి మనలో చాలమంది కలరు. రెండవదానికి వూస్టరులోని వడ్డనవాడు కావలసివచ్చెను.

గఫ్ తన మాట తప్పలేదని కూడ చెప్పవలెను. 1845 తరువాత నలువది యేండ్లు అతడు అదే పనిలో నుండెను. చివరి సంవత్సరములలో మఱి రెండు పెద్దగ్రంథములు ప్రకటించెను, అవియు వేదికాస్మృతులే. 1886 ఫిబ్రవరి 15న ఫిలడెల్ఫియా నగరపు ఫ్రాంకుఫర్డు భాగమున ఉపన్యసించుచుండగా పక్షవాతము తగిలి వేదికపైననే కూలెను. మూడు దినములకు మరణించెను. ఆరువదియెనిమిదేండ్ల వయస్సు. ఆ వణకు చేతి సంతకమునకు అతడు చెల్లించిన వెల నలువదిమూడేండ్ల శ్రమ. మన నిరాశను చెప్పునపుడు ఈ వెలను మఱవరాదు.

గడువు తీరినపిమ్మట సభవారికి నేను కాదని చెప్పితిని. కారణమడిగిరి, గఫ్ కథ చెప్పితిని. కొందఱు ఒప్పుకొనిరి, ఒకరు మాత్రము నేను మంచి అవకాశమును పాడుచేసితినని నొచ్చుకొనిరి. ఆయన మాటలోను కొంత న్యాయమున్నది. నా మిత్రుడు మాటలాడియున్నచో ఆ సభలో ఏ యిల్లాలి కంటికో వెలుగు కనబడియుండెడిదేమో! అట్లని ఆ వెలుగునకు ఆయననే వత్తిగా వెలిగించుటకు నాకు మనసొప్పలేదు.

ఈ సంగతి మిత్రునికి చెప్పినపుడు ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "మీరు సరే అంటే నేనూ సరే అనేవాణ్ణి మేష్టారూ. కాదనడానికి నాకు ధైర్యం లేదు" అనిరి. ఇప్పుడు బడి వదలినపిమ్మట మేమిద్దఱము చెఱువుగట్టు మీదుగా నడచి పోవుచున్నాము. సారాయిని గూర్చి మాటలాడునది తక్కువ. పిల్లల పరీక్షలను, ధరలను, ఆయన పెరటిలోని కూరపాదులను గూర్చి మాటలాడునది ఎక్కువ. ఒకనాడు నాకు జ్వరము తగిలి పోలేకపోతిని. చీకటిపడువేళకు ఆయనయే మా యింటికి వచ్చి, వాకిట నిలిచి, "ఇవాళ మీరు రాలేదు, అందుకని నేనే వచ్చాను" అనిరి. లోనికి పిలిచి కూర్చుండబెట్టితిని. దీపము పెట్టినపిమ్మట చాలసేపటివఱకు ఆయన లేవలేదు, నేను లెమ్మనలేదు.